బొగ్గు పోయాక బడి: మెక్‌డవల్ కౌంటీ స్కూళ్ళ పగ్గాలు ఎవరి చేతిలో?

అమెరికాలో ఇల్లు కొనబోయే తెలుగు కుటుంబం వంటగది కంటే ముందు చూసేది స్కూల్ డిస్ట్రిక్ట్ రేటింగు. ఫ్రిస్కోలో ఎంత, కూపర్టినోలో ఎంత అని వాట్సాప్ గ్రూపుల్లో తెగ చర్చ నడుస్తుంది. పదికి తొమ్మిది వచ్చిందంటే ఇల్లు చిన్నదైనా, అప్పు పెద్దదైనా సర్దుకుపోతారు. అదే పట్టికలో అట్టడుగున ఉండే డిస్ట్రిక్టుల సంగతి ఆ చర్చల్లోకి రాదు. వాటిని ఎవరు నడుపుతారు, ఎలా నడుపుతారు, ఆ అంకె అంత కిందికి ఎందుకు పోయింది అని అడిగేవాళ్ళు తక్కువ. వెస్ట్ వర్జీనియా రాష్ట్రానికి దక్షిణపు కొసన, కొండల మధ్య ఇరుక్కున్న మెక్‌డవల్ కౌంటీ అలాంటి డిస్ట్రిక్టు.

1950లో ఆ కౌంటీ జనాభా 98,887. ఉక్కు కొలిమిలకు కావలసిన మేలురకం బొగ్గు అక్కడి పోకాహోంటాస్ పొరల్లోంచి వచ్చేది. తరువాత గనుల్లోకి యంత్రాలు దిగాయి, ఉక్కు కంపెనీ మూటాముల్లె సర్దుకుంది, 2020 జనగణన నాటికి మిగిలినవాళ్ళు 19,111 మంది. డెబ్బై ఏళ్ళలో ప్రతి ఐదుగురిలో నలుగురు తగ్గిపోయారు. 1961 మే 29న, పేదలకు తిండి కొనుక్కోవడానికి కూపన్లిచ్చే కొత్త ఫుడ్ స్టాంపుల పథకం కింద దేశంలో మొట్టమొదటి కూపన్లు అందుకున్నది ఈ కౌంటీ కుటుంబమే. కరువు అప్పటికే గుమ్మంలోకి వచ్చేసిందన్నమాట. లక్ష మంది కోసం కట్టిన బడుల వ్యవస్థను ఇరవై వేల మందికి సరిపోయేలా ఏటా కాస్త కాస్త కుదించుకుంటూ రావడం ఇక్కడి స్కూల్ బోర్డుకు రెండు తరాలుగా ప్రధానమైన పని. పాఠాలు, పరీక్షలు, రేటింగులు ఆ పని మధ్యలో సందు చూసుకుని జరగాల్సిందే.

డిస్ట్రిక్టు అంటే మన జిల్లా కాదు

అమెరికాలో స్కూల్ డిస్ట్రిక్ట్ అనేది ఒక ప్రత్యేక స్థానిక ప్రభుత్వం. చాలా రాష్ట్రాల్లో దాని సరిహద్దుకూ ఊరి సరిహద్దుకూ కౌంటీ సరిహద్దుకూ పొంతన ఉండదు. వెస్ట్ వర్జీనియాలో మాత్రం కౌంటీ ఎంతో డిస్ట్రిక్టు అంత. 1933 దాకా అక్కడ 398 చిన్న చిన్న స్కూల్ డిస్ట్రిక్టులు ఉండేవి. మహామాంద్యం దెబ్బకు జనం పన్నులు కట్టలేకపోయారు. 1932లో ఆస్తిపన్నుకు రాజ్యాంగ సవరణతో పరిమితి పెట్టారు. దాంతో చిన్న డిస్ట్రిక్టులు కుప్పకూలే పరిస్థితి వచ్చింది. మరుసటి ఏడే శాసనసభ వాటన్నిటినీ రద్దుచేసి కౌంటీకి ఒకటి చొప్పున 55 మిగిల్చింది. ఆ 55 ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

బోర్డులో ఐదుగురు సభ్యులు. పదవీకాలం నాలుగేళ్ళు. ఎన్నికలో పార్టీ గుర్తులుండవు. కౌంటీలోని ఒకే మూలనుంచి అందరూ ఎన్నికైపోకుండా, ఒక్కో ఉపవిభాగం నుంచి ఇద్దరికి మించి ఉండకూడదన్న నియమం ఉంది. ఈ ఐదుగురూ సూపరింటెండెంటును నియమిస్తారు. రోజువారీ పాలన ఆయన చేతిలో లేదా ఆమె చేతిలో ఉంటుంది. ప్రతి బడిలో టీచర్లకు ఫ్యాకల్టీ సెనేట్ అని ఒక వేదిక ఉంటుంది, తల్లిదండ్రులు కూర్చునే స్కూలు అభివృద్ధి మండలి ఒకటి ఉంటుంది. కాగితం మీద చూస్తే ఇంతకంటే ప్రజాస్వామికమైన ఏర్పాటు ఉండదు. మన దగ్గర బోర్డు మీద జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల అని రాసి ఉన్నా, టీచరు జీతం, బదిలీ, పోస్టు అన్నీ రాష్ట్ర ప్రభుత్వం నుంచే వస్తాయి, జడ్పీ పేరు గోడకే పరిమితం. అక్కడ టీచరును తీసుకునేదీ, తీసేసేదీ కౌంటీ బోర్డే.

ఈ అధికారానికి ఇంకో మొహం ఉంది. మెక్‌డవల్‌లో స్థిరమైన జీతం, ఆరోగ్య బీమా ఇచ్చే ఉద్యోగాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. కింబాల్‌లోని వాల్‌మార్ట్ 2016 జనవరిలో మూతపడ్డాక పెద్ద యజమానుల్లో స్కూల్ బోర్డుదే మొదటి వరస. టీచరు, బస్సు డ్రైవరు, వంటమనిషి, జానిటర్, ఆఫీసు గుమస్తా, ఇలా ప్రతి పోస్టు వెనకా ఒక కుటుంబం ఉంటుంది. ఇలాంటి చోట బోర్డు మెంబరుకు ఓటేసేవాళ్ళ మనసులో గణితం సిలబస్ ఉంటుందని ఆశించడం అత్యాశ. ఒక బడి మూసేద్దాం అన్న తీర్మానం చదువు గురించిన నిర్ణయంగా బోర్డు ముందుకు వస్తుంది గానీ, దాన్ని పదిహేను కుటుంబాలు జీతాల మాటగానే వింటాయి. బోర్డు సమావేశాలు పోస్టులు, బదిలీలు, రాజీనామాలతో నిండిపోవడానికి ఇదే మూలం.

డబ్బు తలల వెంట నడుస్తుంది

స్కూలు ఖర్చు మూడు జేబుల్లోంచి వస్తుంది. రాష్ట్రానిది పెద్ద జేబు, కౌంటీ ఆస్తిపన్ను తరువాతిది, ఫెడరల్ సాయం మూడోది. ఆస్తిపన్ను ఎంత తేగలదో చూడటానికి ఒక చిన్న లెక్క చాలు. వెస్ట్ వర్జీనియాలో ఆస్తిని మార్కెట్ విలువలో 60 శాతానికి మదింపు చేస్తారు. యజమాని నివసించే ఇంటిమీద స్కూళ్ళ కోసం వేసే మామూలు లెవీ, అంటే పన్ను, నూరు డాలర్ల మదింపుకు 38.8 సెంట్లు. ఈ రేటు శాసనసభే నిర్ణయిస్తుంది, అన్ని కౌంటీలకూ ఒకటే. 65 ఏళ్ళు దాటినవాళ్ళకూ, వైకల్యం ఉన్నవాళ్ళకూ మదింపులో మొదటి 20,000 డాలర్లు మినహాయింపు. మెక్‌డవల్‌లో 40,000 డాలర్లకు అమ్ముడుపోయే ఇల్లు వింతేమీ కాదు. దాని మదింపు 24,000. అందులో ఉండేది పెద్దావిడైతే పన్ను పడేది 4,000 మీద. బడికి చేరేది ఏడాదికి పదిహేనున్నర డాలర్లు. ఆవిడ మనవడి చదువు పుస్తకాల ఖర్చుకు కూడా అది చాలదు.

కౌంటీలో విలువైన ఆస్తి ఇళ్ళలో లేదు. నేలకింది బొగ్గు, గ్యాసు బావులు, రైలు పట్టాలు, భూముల కంపెనీల పేరిట ఉన్న కొండలు, వీటిలో ఉంది. బొగ్గు ధర పెరిగితే ఆ మదింపు పెరుగుతుంది, గని మూస్తే పడిపోతుంది. బడ్జెట్ వేసే అధికారి ఉక్కు మార్కెట్ వార్తలు చూడాల్సిన పరిస్థితి ఇంకే బడికి ఉంటుందో!

జనం ఒప్పుకుని ఓటేస్తే మామూలు పన్ను మీద అదనపు లెవీ వేసుకోవచ్చు. ఐదేళ్ళకు మించి ఉండదు, మళ్ళీ ఓటుకు పోవాలి. రాష్ట్రంలో ఎక్కువ కౌంటీలు ఈ దారి పట్టాయి. మన ఇంటిపన్నులో గ్రంథాలయ సెస్సు కలిసి వస్తుంది గానీ, మా ఊరి బడి కోసం ఇంత పన్ను వేసుకుంటాం అని ఊరు ఓటేసే పద్ధతి తెలుగునాట ఊహకు అందనిది. ఆ ఓటు ఊరివాళ్ళను బడికి కట్టిపడేస్తుంది, నిజమే. కానీ ధనిక కౌంటీలో అదే శాతం లెవీ పెద్ద మొత్తం తెస్తుంది, బీద కౌంటీలో చిల్లర తెస్తుంది. ఈ అసమానత మీదనే 1975లో లింకన్ కౌంటీ తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. రాష్ట్ర రాజ్యాంగం సమగ్రమైన, సమర్థమైన ఉచిత పాఠశాలలు నడపాలని చెబుతోంది కదా, మా పిల్లల బడి అలా ఉందా అన్నది వాళ్ళ ప్రశ్న. 1979లో రాష్ట్ర సుప్రీంకోర్టు చదువును ప్రాథమిక హక్కుగా గుర్తించింది. 1982లో జడ్జి ఆర్థర్ రెక్ట్ వ్యవస్థ మొత్తం రాజ్యాంగ విరుద్ధమని తేల్చి, బడి ఎలా ఉండాలో వివరంగా రాసిపెట్టాడు. ఆ తీర్పు పూర్తిగా అమలు కాలేదు. రాష్ట్రం మాత్రం అప్పటినుంచీ పెద్ద జేబు తనదే అన్న బాధ్యతనుంచి తప్పుకోలేకపోయింది.

ఆ పెద్ద జేబు తెరిచే తాళం పిల్లల సంఖ్య. ఏటా అక్టోబరు ఆరంభంలో ఎంతమంది చేరి ఉన్నారన్న లెక్క తీస్తారు. సూత్రం ప్రకారం ప్రతి వెయ్యి మంది పిల్లలకు సుమారు 72 మంది టీచర్లు, ఇతర వృత్తి నిపుణుల జీతాలు రాష్ట్రం ఇస్తుంది. డ్రైవర్లు, వంటవాళ్ళు, ఇతర సిబ్బందికి ఇంకో నిష్పత్తి. పిల్లలు పలచగా ఉన్న కౌంటీలకు కొద్దిపాటి మినహాయింపు ఉంది. కౌంటీ తన మామూలు లెవీతో తెచ్చుకున్నదాన్ని ఇందులోంచి తీసేస్తారు. చూడటానికి ఇంతకంటే సమానమైన సూత్రం ఉండదు. తగ్గిపోయే కౌంటీలో అది ఎలా కొరుకుతుందో చూడాలి.

వంద మంది పిల్లలు తగ్గారనుకుందాం. ఏడు పోస్టులకు డబ్బు పోతుంది. ఆ వంద మందీ ఒకే తరగతి గదిలోంచి లేచిపోరు. కిండర్‌గార్టెన్ నుంచి పన్నెండు దాకా పదమూడు తరగతుల్లో, ఏడెనిమిది బడుల్లో, ఇక్కడొకడూ అక్కడొకతీ తగ్గుతారు. ఇరవై ఇద్దరున్న మూడో తరగతిలో ఇరవై మంది మిగులుతారు. టీచరు అవసరం అలాగే ఉంటుంది, బస్సు అదే కొండ ఎక్కాలి, బాయిలర్ అంతే బొగ్గో గ్యాసో తాగుతుంది. ఖర్చు తగ్గదు, పోస్టులు తగ్గుతాయి. ప్రతి వసంతంలోనూ ఎవరెవరికి తొలగింపు నోటీసులు, ఎవరెవరికి బదిలీలు అన్న జాబితాలు బోర్డు ముందుకు వస్తాయి. అందులో కొత్తగా చేరిన కుర్ర టీచర్లే ముందు దొరికిపోతూ వచ్చారు. ఈ కౌంటీకి ఎవరు కావాలో సరిగ్గా వాళ్ళు.

2011 ప్రాంతంలో ఈ డిస్ట్రిక్టులో సుమారు 3,500 మంది పిల్లలుండేవారు. ఇప్పుడు 3,000 కంటే బాగా కిందికి దిగింది. అయినా ఇలాంటి కౌంటీల్లో తలసరి ఖర్చు రాష్ట్ర సగటుకు తగ్గకపోవడం చూసి, ఇంత పోస్తున్నా ఫలితం లేదేమని రాష్ట్ర రాజధాని చార్లెస్టన్‌లో కూర్చున్నవాళ్ళు విసుక్కుంటారు. సగం ఖాళీగా తిరిగే బస్సులో ఒక్కో పిల్లవాడి మీద పడే ఖర్చు ఎక్కువగానే కనిపిస్తుంది మరి.

పన్నెండేళ్ళ స్వాధీనం

2001లో రాష్ట్ర విద్యామండలి మెక్‌డవల్ స్కూళ్ళను తన స్వాధీనంలోకి తీసుకుంది. ఇది ఆ రాష్ట్రంలో కొత్తేమీ కాదు. 1992లో లోగన్‌తో మొదలై మింగో, లింకన్ కౌంటీలు అప్పటికే ఆ రుచి చూశాయి. తరువాత ఫేయెట్, గిల్మర్ వంతు వచ్చింది. వరసగా చూస్తే ఎక్కువగా దక్షిణాది బొగ్గు కౌంటీలే. స్వాధీనం అంటే ఎన్నికైన ఐదుగురినీ ఇంటికి పంపరు. వాళ్ళు కుర్చీల్లోనే ఉంటారు, సమావేశాలు జరుగుతాయి. సూపరింటెండెంటును మాత్రం రాష్ట్రం పంపిస్తుంది, బడ్జెట్, నియామకాలు, పాఠ్యక్రమం, బడుల మూసివేత మీద చివరి మాట రాష్ట్రానిదే. ఊరికి పెద్దమనిషి ఉంటాడు, పెత్తనం మాత్రం పక్కూరివాడిది.

ఆ ఏడాది జులైలోనూ మళ్ళీ 2002 మేలోనూ కౌంటీని వరదలు ముంచెత్తాయి. లోయల్లో, వాగుల పక్కనే కట్టిన ఊళ్ళు, బడులు. చదునైన నేల అంతకుమించి దొరకదు కాబట్టి అక్కడే కట్టారు. స్వాధీనం కాలంలో పాత భవనాలు మూసి కొత్తవి కట్టడం ఊపందుకుంది. 2010లో బ్రాడ్‌షాలో రివర్ వ్యూ హైస్కూల్ తెరిచి, వార్ పట్టణంలోని బిగ్ క్రీక్, ఇయేగర్ హైస్కూళ్ళను అందులో కలిపేశారు. బిగ్ క్రీక్ అంటే అలాంటిలాంటి బడి కాదు. 1960లో ఆ బడి కుర్రాళ్ళు తయారుచేసిన రాకెట్లు జాతీయ సైన్స్ ప్రదర్శనలో పతకం తెచ్చాయి. కౌంటీలో ఒకప్పుడు పదుల్లో ఉన్న బడుల్లో, తెల్లవాళ్ళకూ నల్లవాళ్ళకూ వేరువేరు బడులుండే జాతి విభజన కాలంలో నల్లజాతి పిల్లల కోసం నడిచినవి కూడా ఉన్నాయి. విభజన రద్దయ్యాక మూతపడినవి ఎక్కువగా వాళ్ళ బడులే. ఇప్పుడు హైస్కూళ్ళు రెండే, కౌంటీ కేంద్రం వెల్చ్‌లో మౌంట్ వ్యూ, ఆ పక్క రివర్ వ్యూ.

పన్నెండేళ్ళ తరువాత, 2013లో పగ్గాలు తిరిగి స్థానిక బోర్డు చేతికి ఇచ్చారు. అప్పటికీ పరీక్షల మార్కుల్లో మెక్‌డవల్ రాష్ట్రంలో అడుగునే ఉంది. ఈ ఒక్క సంగతి చాలు స్వాధీనం మీద తీర్పు చెప్పడానికి అనుకోవచ్చు. కానీ అది సగం నిజం. లెక్కలు చక్కబడ్డాయి, భవనాలు మారాయి, ఉద్యోగాల పంపకంలో అస్మదీయుల జోరు తగ్గింది. బోర్డు గదిలో ఉన్న జబ్బులకు మందు దొరికింది. బోర్డు గదికి బయట ఉన్న జబ్బులు, అంటే పనుల్లేని ఊళ్ళు, నొప్పిమాత్రల వ్యసనానికి బలైన తల్లిదండ్రులు, ఉండటానికి ఇల్లు దొరక్క పారిపోయే టీచర్లు, వీటిలో ఒక్కటీ సూపరింటెండెంటు సంతకంతో పోయేది కాదు. రాష్ట్రం పట్టుకున్న పగ్గం వేరు, గుర్రం పరుగెత్తిన దారి వేరు. తనిఖీల పేరుతో కౌంటీలను స్వాధీనం దాకా తెచ్చిన రాష్ట్ర తనిఖీ కార్యాలయాన్నే 2017లో రద్దుచేసేశారు.

టీచరుకు ఇల్లెక్కడ?

2011 డిసెంబరులో వేరే రకం ప్రయత్నం మొదలైంది. రాష్ట్ర విద్యామండలిలో ఉన్న గేల్ మంచిన్ చొరవతో, రాండీ వైన్‌గార్టెన్ నాయకత్వంలోని అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ టీచర్స్ ముందుకొచ్చి, రీకనెక్టింగ్ మెక్‌డవల్ పేరుతో ప్రభుత్వ శాఖలను, కంపెనీలను, స్వచ్ఛంద సంస్థలను వంద పైచిలుకు భాగస్వాములుగా కలిపింది. టీచర్ల యూనియన్ ఒక డిస్ట్రిక్టును బాగుచేస్తానని భుజానికెత్తుకోవడం అరుదు. జనం అనుమానంగా చూశారు కూడా. వాళ్ళు చేసిన మంచి పని ఏమిటంటే, సమస్యను తరగతి గదిలో వెతకడం మానేశారు. వార్‌లోని సౌత్‌సైడ్ బడిలాంటి చోట్ల వైద్యం, కౌన్సెలింగ్, కుటుంబాలకు సాయం బడి కప్పుకిందికే తెచ్చే ఏర్పాటు చేశారు. ఇంటింటికీ ఇంటర్నెట్, నీళ్ళు, ఉద్యోగాల మాటా ఎత్తారు.

అన్నిటికంటే చిక్కుముడి టీచర్లది. కొత్తగా చేరిన అమ్మాయికి వెల్చ్‌లో అద్దెకు మంచి ఇల్లు దొరకదు. కౌంటీలో ఖాళీ ఇళ్ళు బోలెడు, ఉండదగినవి కొన్ని. దాంతో పక్క కౌంటీ మెర్సర్‌లోని ప్రిన్స్‌టన్, బ్లూఫీల్డ్ లాంటి ఊళ్ళలో ఉంటూ, 52వ నంబరు మెలికల రోడ్డు మీద రోజూ వచ్చిపోతారు. మంచు పడితే, కొండచరియ జారితే ఆ ప్రయాణం నరకం. రెండేళ్ళు చేసి, అనుభవం సంపాదించి, ఇంటిదగ్గర పోస్టు పడగానే పోతారు. సరిహద్దు దాటితే వర్జీనియా. ఖాళీ అయిన పోస్టులో డిగ్రీ ఉండీ ఆ సబ్జెక్టులో అర్హత లేని ప్రత్యామ్నాయ టీచరు ఏడాదంతా నెట్టుకొస్తారు. వెస్ట్ వర్జీనియా మొత్తం మీద ఇలా సరైన అర్హత ఉన్నవాళ్ళతో నిండని పోస్టులు ఈ మధ్య ఏళ్ళలో వెయ్యి దాటాయి. మెక్‌డవల్ ఆ తాడుకు చివర వేలాడుతోంది.

అందుకే యూనియన్ వాళ్ళు వెల్చ్ నడిబొడ్డున పాత భవనం కూల్చి, టీచర్ల కోసం రెనైసాన్స్ విలేజ్ పేరుతో అపార్ట్‌మెంట్లు కట్టే పథకం వేశారు. మాట పుట్టాక గోడలు లేవడానికి ఏళ్ళు పట్టింది. మన ఏజెన్సీ ప్రాంతాల్లో టీచరు కొండమీది ఊళ్ళో ఉండకుండా పట్నం నుంచి బండిమీద వచ్చిపోతే హాజరు యంత్రాలు పెట్టి పట్టుకోవాలని చూస్తారు. ఉండటానికి గది ఎవరు చూపిస్తారన్న ప్రశ్న రెండు చోట్లా ఆలస్యంగానే వచ్చింది.

2018 ఫిబ్రవరి 22న మొదలైన సమ్మెకు ఈ నేపథ్యం అంతా ఉంది. 55 కౌంటీల్లోనూ బడులు మూతపడ్డాయి. నిప్పు ముందు రాజుకున్నది దక్షిణాది బొగ్గు కౌంటీల్లోనే, తాతల కాలంనుంచీ గని కార్మిక సంఘాల వాసన ఉన్న చోట. అడిగింది జీతం ఒక్కటే కాదు, ఆరోగ్య బీమా కోత ఆపాలన్నది అసలు కోపం. తొమ్మిది పనిదినాల తరువాత 5 శాతం పెంపుతో సమ్మె ముగిసింది. దాన్ని చూసి ఒక్లహోమా, అరిజోనా టీచర్లు రోడ్డెక్కారు. సమ్మెలోకి దిగే ముందు టీచర్లు చేసిన పని పిల్లలకు భోజనం పొట్లాలు కట్టడం. బడి లేని రోజు అన్నం లేని పిల్లలు ఎవరో వాళ్ళకు పేరుపేరునా తెలుసు.

అంకె ఏం కొలుస్తోంది

మెక్‌డవల్‌లో పిల్లలందరికీ ఉదయం ఫలహారం, మధ్యాహ్న భోజనం ఉచితం. పేదరికం ఎక్కువగా ఉన్న బడుల్లో ఇంటింటి ఆదాయ పత్రాలు అడగకుండా అందరికీ పెట్టొచ్చన్న 2010 నాటి ఫెడరల్ చట్టాన్ని మొదట్లో ప్రయోగించి చూసిన రాష్ట్రాల్లో వెస్ట్ వర్జీనియా ఒకటి. మంచి పనే, కానీ పరిశోధకులకు ఒక తలనొప్పి తెచ్చింది. ఉచిత భోజనం తినేవాళ్ళ శాతాన్నే పేదరికపు కొలతగా వాడేవాళ్ళు. అందరూ తింటున్నప్పుడు ఆ కొలబద్ద పనికిరాదు.

కౌంటీ పిల్లల్లో దాదాపు సగం మంది కన్నవాళ్ళ దగ్గర కాక తాతల దగ్గరో బంధువుల దగ్గరో పెరుగుతున్నారని డిస్ట్రిక్టు చెబుతూ వచ్చింది. నొప్పిమాత్రల వ్యసనం ఒక తరాన్ని మింగింది. రాత్రి ఇంటికి పోలీసులు వచ్చారంటే, మర్నాడు ఈ పిల్లను కాస్త కనిపెట్టి చూడండి అని వివరాలేమీ చెప్పకుండా బడికి ముందే కబురు పంపే పద్ధతి ఈ రాష్ట్రంలోనే, 2013లో చార్లెస్టన్‌లో మొదలైంది. ఆ కబురు అందిన రోజు టీచరు పరీక్ష వాయిదా వేస్తుంది, కాసేపు పడుకోనిస్తుంది. ఇది ఏ స్కోరుకార్డులోనూ రాదు.

స్కోరుకార్డులో వచ్చేవి రాష్ట్ర పరీక్షల మార్కులు, హాజరు, హైస్కూలు పూర్తిచేసినవాళ్ళ శాతం లాంటివి. 3 నుంచి 8 దాకా తరగతులకు రాష్ట్రం పరీక్ష పెడుతుంది, పదకొండులో కాలేజీ ప్రవేశాలకు వాడే శాట్ పరీక్ష రాయిస్తారు. రాష్ట్రమే దేశంలో వెనకబడి ఉందని ముందు గుర్తుంచుకోవాలి. 2022 జాతీయ పరీక్షల్లో నాలుగో తరగతి చదవడంలో దేశ సగటు 216 అయితే వెస్ట్ వర్జీనియాది 205. ఎనిమిదో తరగతి గణితంలో 260, జాతీయ సగటు కంటే బాగా కింద. అలాంటి రాష్ట్రంలో అడుగు వరస మెక్‌డవల్‌ది.

దీనికి ఎదురు నడిచిన అంకె ఒకటుంది. హైస్కూలు పూర్తిచేసే పిల్లల శాతం 2010 దశకం మొదట్లో డెబ్బైల్లో ఉండేది, కొన్నేళ్ళలోనే 90 దరిదాపుకు పాకింది. మార్కులు కదలకుండా పట్టాలు పెరిగితే పరీక్ష తేలిక చేశారేమో అని అనుమానించడం సహజం. దేశమంతటా ఈ అనుమానం ఉంది, అది పూర్తిగా తప్పు కూడా కాదు. ఇక్కడ ఇంకో సంగతీ పనిచేసింది. ఎవరు బడికి రావడం లేదో పట్టుకుని ఇంటికి వెళ్ళడం, వృత్తి విద్యలో వెల్డింగో నర్సింగ్ సహాయకురాలి కోర్సో చూపించి ఆపడం, ఇవి చిన్న డిస్ట్రిక్టు చేయగలిగిన పనులు. రెండే హైస్కూళ్ళున్న చోట తప్పిపోయే పిల్లవాడి పేరు అందరికీ తెలుస్తుంది. ఒక మనిషి వెంటపడితే పిల్లవాడు పన్నెండో తరగతి పూర్తిచేయగలడు. పదేళ్ళుగా గణితం టీచరు లేకపోయిన నష్టం మాత్రం వెంటపడితే పూడదు.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దేశంలోని డిస్ట్రిక్టుల మార్కులన్నీ ఒక కొలతకు తెచ్చి చూస్తే తేలింది కూడా ఈ దిశగానే ఉంది. డిస్ట్రిక్టు సగటు మార్కులు అక్కడి కుటుంబాల ఆర్థిక స్థితిని దాదాపు అద్దంలా చూపిస్తాయి. ఒక తరగతి నుంచి పై తరగతికి పిల్లలు ఎంత నేర్చుకున్నారన్న కొలతకు మాత్రం డబ్బుతో సంబంధం చాలా పలచన. వాట్సాప్ గ్రూపులో పదికి తొమ్మిది అని తిరిగే అంకె ఎక్కువగా మొదటిదాన్నే కొలుస్తుంది. ఆ లెక్కన కొనేవాళ్ళు బడిని కొనడం లేదు, ఇరుగుపొరుగు జీతాలను కొంటున్నారు.

మూసేవి, మిగిలేవి

1989లో రాష్ట్రం స్కూలు భవనాల సంస్థను పెట్టి, కొత్త భవనానికి డబ్బు కావాలంటే బడులు కలపాలన్న ఒత్తిడి తెచ్చింది. తరువాతి పన్నెండేళ్ళలో రాష్ట్రంలో 300కు పైగా బడులు మూతపడ్డాయి. చిన్న పిల్లలకు బస్సు ప్రయాణం అరగంట, మధ్య తరగతులకు ముప్పావుగంట, హైస్కూలుకు గంట మించకూడదని రాష్ట్ర మార్గదర్శకాలు చెబుతాయి. కొండ సందుల్లో, అక్కడివాళ్ళు హాలో అనే ఇరుకు లోయల్లో, కాకి దూరం నాలుగు మైళ్ళయినా రోడ్డు దూరం పన్నెండు అవుతుంది. తెల్లవారకముందే ఎక్కి, చీకటి పడ్డాక దిగే పిల్లలుంటారు. సాయంత్రం ఫుట్‌బాల్‌కో బ్యాండుకో ఆగిపోతే తిరుగు బస్సుండదు. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో మూడు, నాలుగు, ఐదు తరగతులను దగ్గరి హైస్కూళ్ళలో కలిపినప్పుడు తల్లులు రోడ్డు దాటించడం ఎలా అని గొడవ చేశారు. అక్కడ దూరం కిలోమీటరు లోపు. మెక్‌డవల్ తల్లికి ఆ మాట చెబితే నవ్వుతుంది, కానీ భయం మాత్రం అదే.

ఇప్పుడు కొత్త కోత మొదలైంది. కొవిడ్ కాలంలో వచ్చిన ఫెడరల్ డబ్బు 2024 సెప్టెంబరుతో ఆగింది. ఆ డబ్బుతో పెట్టుకున్న పోస్టులకు ఇక ఆధారం లేదు. 2021లో వచ్చిన హోప్ స్కాలర్‌షిప్ చట్టం, ప్రభుత్వ బడి వదిలి ప్రైవేటు బడికో ఇంటి చదువుకో పోయే పిల్లవాడి వెంట రాష్ట్రం డబ్బు పంపిస్తుంది. ప్రైవేటు బడులే అరుదైన మెక్‌డవల్‌లో దీని పోటీ అంతగా కనిపించదు. కానీ ఇంటి చదువు పేరుతో జాబితాలోంచి పోయే ప్రతి పేరూ అక్టోబరు లెక్కలోంచి పోతుంది. 2025 ఫిబ్రవరిలో వరద మళ్ళీ వచ్చింది. వెల్చ్ వీధులు మునిగాయి, మనుషులు పోయారు, బడులు మూతపడ్డాయి. వరద తరువాత కొన్ని కుటుంబాలు తిరిగి కట్టుకోవు, బంధువులున్న చోటికి పోతాయి. పిల్లలూ వాళ్ళతోనే.

రాష్ట్ర సూత్రంలో 1,400 మంది అనే గీత ఒకటుంది. అంతకంటే తక్కువ పిల్లలున్న కౌంటీకి లెక్కలో కొంత కలిపి చూపిస్తారు, లేకపోతే సూపరింటెండెంటు ఆఫీసు కూడా నడవదు. గిల్మర్ లాంటి కౌంటీలు ఎప్పుడో ఆ గీత కిందికి దిగాయి. గిల్మర్, లూయిస్ కౌంటీలు సరిహద్దు దగ్గర లీడింగ్ క్రీక్ పేరుతో ఒక ఎలిమెంటరీ బడిని కలిసి కట్టుకున్నాయి. రాష్ట్రంలో రెండు కౌంటీల పిల్లలు పంచుకున్న మొదటి బడి అది. మెక్‌డవల్‌కు ఆ దారీ తేలిక కాదు. ఒక పక్క సరిహద్దు అవతల వేరే రాష్ట్రం, మిగిలిన పక్కల కొండలు. పక్కన ఉన్న వయోమింగ్, మింగో కౌంటీలూ పిల్లల్ని పోగొట్టుకుంటున్నవే. ఎవరి పిల్లలు ఎవరి కొండ దాటి రావాలన్నది తేలిక ప్రశ్న కాదు.